రైలెక్కని రసగుల్లా

ప్రశ్న: కలకత్తా పాతకాలపు మిఠాయి దుకాణాల రుచి ఇప్పుడు ఎందుకు రావడం లేదు? పాలు మారాయా, చేసేవాళ్ళు మారారా? ఇప్పుడు వెళ్తే ఎక్కడ తినాలి?

పాలదీ తప్పు కాదు, చేసేవాళ్ళదీ కాదు. ఫ్రిజ్ వచ్చింది, అంతే. దీన్ని నిరూపించడానికి నా దగ్గర లెక్కలూ పరీక్షలూ ఏమీ లేవు. బెంగాల్లోనే ఉన్న రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో పెరిగిన నాలుక ఒకటి ఉంది, అది చాలు.

మీరు కలకత్తా గురించి అడిగితే నేను ఖరగ్‌పూర్ గురించి చెబుతున్నాను, సర్దుకోండి. రైల్వే పుణ్యమా అని మనవాళ్ళు అక్కడ తరతరాలుగా ఉన్నారు. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, మిఠాయి కొట్లో బంగ్లా మాట్లాడుతూ పెరిగాం.

గోల్‌బజార్‌లో మేము వెళ్ళే కొట్టుకు బోర్డు ఉండేదో లేదో కూడా గుర్తు లేదు. చెక్క చట్రాల గాజు బీరువా గుర్తుంది, దాని మీద మా పిల్లల ఎత్తు వరకే ఉన్న వేలిముద్రలు గుర్తున్నాయి. లోపల ఒకతను పెద్ద కర్ర పళ్ళెం ముందు కూర్చుని, విరిగిన పాల ముద్దను (దాన్ని ఛానా అంటారు) అరచేత్తో ముందుకు నొక్కి రుద్దుతూ ఉండేవాడు. ఒక్క పలుకు కూడా చేతికి తగలకూడదు. రుద్ది రుద్ది, ఛానాలోని వెన్న అరచేతికి అంటుకుని మెరవడం మొదలయ్యాకే ఆపేవాడు. గోడకు శంఖం, చేప ఆకారాల్లో సందేశ్ (ఛానాలో తీపి కలిపి కాచి చేసే మిఠాయి) అచ్చులు. ఆకుల దొన్నెలు ఒక మూల దొంతరగా ఉండేవి.

ఆ కొట్లో ప్రతిదానికీ ఒక వేళ ఉండేది. పొద్దున్న కచోరీ, జిలేబీ. రసగుల్లా మధ్యాహ్నం దాటాకే. ఐదింటికి సింగారా, అంటే మన సమోసాకు చెల్లెలు. సందేశ్ దీపాలు పెట్టాక. వేళ కాకుండా అడిగితే "ఇప్పుడు లేదు" అనేవాడు కొట్టాయన. ఆ మాట అనడానికి ఆయన ఏమాత్రం మొహమాటపడేవాడు కాదు. ఇవాళ ఏ దుకాణదారుడికైనా ఆ ధైర్యం ఉందా?

1976 చలికాలం. విజయనగరంలో నాయనమ్మను చూడడానికి రాత్రి బండికి బయలుదేరుతున్నాం. మధ్యాహ్నం నాన్న నన్ను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళి ముప్పై రసగుల్లాలు కట్టమన్నారు.

"ఎక్కడికి దాదా?" అన్నాడు ఆయన.

"ఊరికి. విజయనగరం."

"ఎప్పుడు చేరతారు?"

"రేపు మధ్యాహ్నం."

"అయితే ఇవ్వను. రసగుల్లా రైలెక్కేది కాదు."

డబ్బు మాది, తినేది మేము, నీకేమిటి బాధ అని నాన్న కోప్పడ్డారు. "పులిసిపోతే తిట్లు తినేది నేను" అన్నాడాయన తొణక్కుండా. గట్టి పాకం సందేశ్ పట్టుకెళ్ళమన్నాడు, నాలుగు రోజులైనా ఏమీ కాదట. మనం అరిసెలకు చూసినట్టే వాళ్ళు సందేశ్‌కూ పాకం చూస్తారు: లేతపాకం, ముదురుపాకం. నాన్న సరేననబోతుండగా ఆయనే మళ్ళీ అడిగాడు.

"తినేది ఎవరు?"

"మా అమ్మ."

"పళ్ళున్నాయా?"

నాన్న తెల్లమొహం వేశారు. నేను అందుకుని, "రెండున్నాయి" అన్నాను.

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ముదురుపాకం ఆవిడ నమలలేదు, లేతపాకం అంత దూరం ఆగదు. చివరికి, రాత్రి స్టేషన్‌కు వెళ్తూ రమ్మన్నాడు. వెళ్ళాం. అప్పుడే పొయ్యి మీంచి దించి, అచ్చులు తీసి, తడిగుడ్డ కప్పి ఆరబెట్టిన లేతపాకం సందేశ్‌ను కొత్త కుండలో పేర్చి, పైన ఆకు కప్పి ఇచ్చాడు. మూత బిగించవద్దన్నాడు. కిటికీ పక్కన పెట్టి చలిగాలి తగలనివ్వమన్నాడు. "తెల్లవారాక ఒకసారి వాసన చూడండి. పులుపు తగిలితే చిలికా సరస్సులో పారేయండి, అమ్మగారికి మాత్రం పెట్టకండి."

ఆ రాత్రంతా కుండ నా ఒళ్ళోనే ఉంది. తెల్లవారి, కిటికీలో చిలికా నీళ్ళు కనిపించగానే నాన్న ఆకు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఏమీ అనకుండా ఒకటి నా నోట్లో పెట్టారు. అది నొలెన్ గుర్ సందేశ్, అంటే చలికాలపు ఈతబెల్లంతో చేసింది. మన ఊళ్ళలో కల్లు గీసే ఈతచెట్టే అది. వాళ్ళు చలికాలంలో రాత్రంతా కుండలోకి దిగిన నీరా పులియకముందే పొద్దున్నే కాచి బెల్లం చేస్తారు. కట్టెల పొగ వాసన కొంచెం ఆ బెల్లంలోనే ఉండిపోతుంది. మన ఈతచెట్లకు ఆ భాగ్యం ఎందుకు పట్టలేదో ఎవరైనా విడిగా ప్రశ్న వేయండి, దానికి కూడా రాస్తాను.

నాయనమ్మ ఒకటి చిదిమి నోట్లో వేసుకుని, "దేనితో చేశార్రా?" అంది. పాలు విరిచి చేస్తారని నాన్న చెప్పారు. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. మా ఇంట్లో పాలు విరిగితే అపశకునం, ఆ రోజంతా ఏ చెడు కబురు వినాల్సి వస్తుందోనని ఎదురుచూసేవాళ్ళు. "కావాలని విరుస్తారా!" అంది. మరి కాసేపటికి ఇంకొకటి తీసుకుంది. "తీపి తక్కువైంది" అని తీర్పు చెప్పింది. మర్నాటికి కుండ ఖాళీ.

ఈ పాల విరుపు మీద ప్రభుత్వాలు కూడా చెయ్యి కాల్చుకున్నాయి. నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1965లో, బెంగాల్ ముఖ్యమంత్రి ప్రఫుల్ల చంద్ర సేన్ ప్రభుత్వం పాల కొరత ఉందని ఛానా మిఠాయిలను నిషేధించింది. 1967 ఎన్నికల్లో కాంగ్రెస్ అక్కడ అధికారం పోగొట్టుకుంది. బియ్యం కొరత, ఆహార ఉద్యమం కారణాలని చదువుకున్నవాళ్ళు చెబుతారు. సందేశ్ ఉసురు తగిలిందని నాన్న చెప్పేవారు. నేను నాన్న పక్షం.

ఇక ఫ్రిజ్ సంగతి. ముదురుపాకం సంగతి వదిలేస్తే, ఛానా మిఠాయికి ఆయుష్షు కొన్ని గంటలే. ఆ కొన్ని గంటల కోసమే కొట్టు నడిచేది, కొట్టాయన మనల్ని అన్ని ప్రశ్నలు అడిగేది. చల్లబెట్టి నాలుగు రోజులు నిలబెట్టగానే వేళ పోయింది, అడగాల్సిన అవసరమూ పోయింది. కలకత్తా మిఠాయి దుకాణం కె.సి. దాస్ వాళ్ళు 1930లోనే రసగుల్లాను డబ్బాలో పెట్టి అమ్మారు కదా అంటారేమో. డబ్బా రసగుల్లా ఊళ్ళు తిరగడానికి పుట్టింది, దాన్ని చూపించి నాతో వాదించవద్దు.

హైదరాబాద్‌లో ‘బెంగాలీ స్వీట్లు’ అని ఒక అర కేటాయించి అమ్ముతారే, వాటి గురించి మాట్లాడకపోవడమే మేలు. బెంగాల్లో వీటిని లెక్కపెట్టి అమ్ముతారు: ఇన్ని రసగుల్లాలు, ఇన్ని సందేశ్‌లు. ఇక్కడ కిలోల్లో తూస్తారు. తూకంలో పాకం నీళ్ళూ వస్తాయి, అట్టపెట్టే వస్తుంది. మొన్న ఒకచోట పెట్టె తీసి తూయమంటే నన్ను పిసినారిని చూసినట్టు చూశారు. చాక్లెట్ సందేశ్ అనే దాన్ని కనిపెట్టిన మహానుభావుడి మీద కూడా నాకు కొంత కోపం ఉంది. రసగుల్లాకు 2017లో బెంగాల్ పేరున, 2019లో ఒడిశా పేరున భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసగుల్లా ఎవరిదన్న గొడవలో నేను తలదూర్చను, రెండు రాష్ట్రాల్లోనూ నాకు బంధువులున్నారు.

కొన్నేళ్ళ క్రితం మే నెలలో ఖరగ్‌పూర్ వెళ్ళాను. మా కొట్టు ఉన్నచోట ఇంకేదో ఉంది. దగ్గర్లోనే ఒక అద్దాల దుకాణంలో దూరితే నొలెన్ గుర్ సందేశ్ కనిపించింది. మే నెలలో! "ఏడాది పొడవునా ఉంటుంది సార్" అన్నాడు అబ్బాయి. హైదరాబాద్ తీసుకెళ్ళాలని చెప్పి ఒక క్షణం ఆగాను. తల ఎత్తకుండానే పెట్టెకు టేపు అంటించి, "మూడు రోజులు ఏమీ కాదు సార్" అన్నాడు. నేను వెళ్ళేది విమానంలో, రెండు గంటల పైచిలుకు ప్రయాణం. అయినా ఏ బండికి అని అడగాలి కదా!

ఇంతకీ మీరు అడిగింది మరిచిపోలేదు. డిసెంబరు, జనవరిల్లో వెళ్ళండి. బౌబజార్‌లో భీమ్ చంద్ర నాగ్ కొట్టుంది, 1826 నాటిది. గోడ మీద బెంగాలీ అంకెల గడియారం ఉంటుంది, చూడండి. హెదువా దగ్గర గిరీశ్ చంద్ర డే, నకూర్ చంద్ర నందీల కొట్టు 1844 నుంచి ఉంది. సాయంత్రం పూట వెళ్ళి, లేతపాకం అడిగి, అక్కడే నిలబడి తినండి. ఇంటికి పట్టుకెళ్ళాలంటే ముదురుపాకం. తినేవాళ్ళకు పళ్ళున్నాయో లేదో మీరే చూసుకోండి, ఇప్పుడు కొట్టువాళ్ళు అడగరు.