ఇందులో మీ అయ్యవారు యాడున్నారు?

ప్రశ్న: మా నాన్నగారు సంస్కృత పండితులు. తిరుపతిలో నలభై ఏళ్లు పాఠాలు చెప్పారు. వచ్చే నెల సంవత్సరీకం. ఆ రోజు పంచడానికి ఒక చిన్న పుస్తకం వేయిస్తున్నాం. నాన్నగారికి క్రికెట్ పిచ్చి. మ్యాచ్ ఉందంటే అన్నం కంచం కూడా రేడియో పక్కకే వెళ్లేది. స్కోర్లు రాసుకున్న నోటు పుస్తకాలే 14 ఉన్నాయి. ఇదంతా రాస్తే పండితుడి పరువు పోతుంది, ‘క్రీడాభిమాని’ అని ఒక ముక్క వేస్తే చాలు అంటాడు మా అన్న. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ అన్న చెప్పిన పని నేను ఒకసారి చేసి చీవాట్లు తిన్నాను.

మా అయ్యవారు పోయినప్పుడు సంస్మరణ వ్యాసం నన్నే రాయమన్నారు. పుట్టిన ఊరు, చదివిన శాస్త్రాలు, పరిష్కరించిన గ్రంథాలు, కప్పించుకున్న శాలువాలు అన్నీ కలిపి నాలుగు పేజీలు నింపాను. చివర్లో ‘క్రీడల పట్ల కూడా ఆసక్తి ఉండేది’ అని ఒక వాక్యం పడేశాను. అచ్చుకు ఇచ్చే ముందు అయ్యవారి ఇల్లాలు, అమ్మగారికి చదివి వినిపించాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ అంతా విని, “బాగుంది నాయనా. ఇందులో మీ అయ్యవారు యాడున్నారు?” అన్నారు. ఆ కాగితాలు చేత్తో పట్టుకుని గోవిందరాజస్వామి గుడి దాకా నడిచిందాకా నాకు ఊపిరాడలేదు.

నిజమే, అందులో ఆయన లేరు. నాకు వ్యాకరణం ఎక్కించింది ఆ క్రికెట్టే మరి. ఉత్సర్గం (అందరికీ వర్తించే నియమం), అపవాదం (దానికి మినహాయింపు) అంటే ఏమిటో ఎన్ని రోజులు చెప్పినా నా బుర్రకెక్కలేదు. ఒక సాయంత్రం అయ్యవారు విసుక్కుని, అరుగు మీద బొగ్గుముక్కతో మూడు గీతలు గీశారు. “ఇవి స్టంపులు. బంతి కాలికి తగిలింది. తగలకపోయి ఉంటే వికెట్టుకు తగిలేది. ఏమిటి?” “ఎల్బీడబ్ల్యూ, అవుట్.” “అది ఉత్సర్గం. మరి ఆ బంతి లెగ్ స్టంపు బయట పడి లోపలికి తిరిగిందనుకో?” “అప్పుడు అవుట్ ఇవ్వరు.” “వికెట్టుకు తగిలేదే అయినా ఇవ్వరు కదా? అది అపవాదం. అపవాదం వచ్చి నిలబడితే ఉత్సర్గం పక్కకు తప్పుకోవాలి.” తర్వాత అదే బొగ్గుతో పక్కన రాశారు. అతి, ఉత్సాహం కలిస్తే అత్యుత్సాహం. ‘ఇకో యణచి’ అన్న పాణిని సూత్రం అది, మన యణాదేశ సంధి. కవి, ఇంద్రుడు కలిస్తే మాత్రం ‘కవ్యింద్రుడు’ కాడు, కవీంద్రుడు. ఇకారం పక్కన మళ్లీ ఇకారమే, అంటే సవర్ణం, వచ్చింది కాబట్టి ‘అకః సవర్ణే దీర్ఘః’ అడ్డుపడింది. నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంకొకటి చెప్తాను. 1971 ఆగస్టు 24, వినాయక చవితి. లండన్ ఓవల్ మైదానంలో టెస్టు చివరి రోజు. ముందు రోజే చంద్రశేఖర్ 38 పరుగులిచ్చి 6 వికెట్లు తీసి ఇంగ్లండ్‌ను 101కి కూల్చాడు. మనకు కావలసింది 173. గెలిస్తే ఆ దేశంలో అదే మన తొలి టెస్టు విజయం. ఇంట్లో రేడియో గరగరమంటోందని అయ్యవారు ట్రాన్సిస్టర్ పట్టుకుని మిద్దె ఎక్కారు. వెనకాలే నేను. రాత్రి ఏడు దాటింది. పైన చవితి చంద్రుడు. చూస్తే నీలాపనిందలు. ఆయన ఉత్తరీయం తల మీదికి లాక్కుని, గచ్చు వంకే చూస్తూ వింటున్నారు. మన హైదరాబాద్ అబిద్ అలీ గెలుపు ఫోర్ కొట్టగానే ఎగిరి తలెత్తారు. చంద్రుడు కనపడనే కనపడ్డాడు. కింది నుంచి అమ్మగారు, “చూసేశారా?” “చూసేశానే.” “అయితే మళ్లీ కథ చెప్పుకోండి!”

అక్షింతలు చేతిలో పెట్టుకుని శమంతకోపాఖ్యానం మళ్లీ మొదలుపెట్టారు. కృష్ణుడూ జాంబవంతుడూ ఇరవయ్యెనిమిది రోజులు పోరాడే చోట ఆగి, “అన్ని రోజులాడినా డ్రా కాలేదు చూశావురా!” అన్నారు. ఇలాంటిది రాస్తే పండితుడి పరువు పోతుందా అమ్మా?

మీ అన్నగారికి దేవధర్ గురించి చెప్పండి. పుణెలో సంస్కృత ప్రొఫెసర్. 1926లో ఇంగ్లండ్ నుంచి మన దేశానికి వచ్చిన ఎంసీసీ జట్టు మీద 148 కొట్టాడు. ఆయన కెప్టెన్సీలో మహారాష్ట్ర వరసగా రెండేళ్లు, 1939–40లోనూ 1940–41లోనూ, రంజీ ట్రోఫీ గెలిచింది. 52 ఏళ్ల వయసులో ఒకే మ్యాచ్‌లో రెండు సెంచరీలు చేశాడు. ఆ వయసుకు నేను మెట్లెక్కడానికే ఆయాసపడేవాణ్ని. 1892లో పుట్టి 1993లో పోయాడు. పోయింది కూడా ఆగస్టు 24నే. మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి రప్పించిన హార్డీ అయితే, గొప్ప గణితవేత్తలను, ఆస్ట్రేలియా మేటి బ్యాట్స్‌మన్ పేరు పెట్టి, ‘బ్రాడ్‌మన్ తరగతి’ అనేవాడు. మంచంలో ఉన్న చివరి రోజుల్లో చెల్లెలు ఆయనకు క్రికెట్ పుస్తకం చదివి వినిపించేది.

ఇక ఆ నోటు పుస్తకాలు. పాత పేపర్ల వాడికి వేయకండి. ఒక్క పేజీ ఉన్నదున్నట్టు ఫొటో తీసి పుస్తకంలో వేయండి, నాన్నగారి అక్షరాలతో సహా. ముందు అన్నింటి మార్జిన్లూ చూడండి. పండితుల చేతికి మార్జిన్ దొరికితే ఊరుకోరు. ఏ క్యాచ్ వదిలేసినవాణ్నో శ్లోకంలో తిట్టి ఉంటారు. ‘క్రీడాభిమాని’ అన్న మాట మాత్రం ఎక్కడా వేయకండి. అది అందరికీ అతుకుతుంది. మీ అన్నగారితో వాదన పెట్టుకోకండి. నాన్న పక్కన కూర్చుని ఆయన విన్న మ్యాచ్ ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ పేజీ ఆయన్నే రాయమనండి.

ప్రశ్న: మా పెదనాన్న చరిత్ర లెక్చరర్, మంచి కబడ్డీ ఆటగాడు. ఆయన చదివిన బడిలో ఆయన పేరున కప్పు పెట్టాలని ఉంది. ఇప్పుడు ఆయనకు 80 దాటాయి. పోయాక పెడితేనే మర్యాద అంటున్నారు బంధువులు.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: పైన చెప్పిన దేవధర్ పేరున ట్రోఫీ 1973–74లో మొదలైంది. అప్పటికి ఆయనకూ 80 దాటాయి, శుభ్రంగా బతికున్నారు. మీరూ ఇప్పుడే పెట్టండి, మొదటి కప్పు ఆయన చేతే ఇప్పించండి. కానీ కప్పు ఎంతలో చేయించినా హెడ్‌మాస్టర్ గది బీరువాలోకి పోతుంది. మిగిలిన డబ్బుతో 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కోర్టు గీయించి, రాళ్లు ఏరించి, మెత్తని మట్టి తోలించండి. ట్రాక్టరు ఎంతకొస్తుందో బేరం పెదనాన్నకే వదిలేయండి.