స్టేషన్‌కు రమ్మన్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: పక్కింటివాళ్లతో ప్రహరీ గోడ దగ్గర గొడవ నడుస్తోంది. నిన్న ఒక కానిస్టేబుల్ ఫోన్ చేసి, ‘ఎస్సై గారు రమ్మంటున్నారు, సాయంత్రం రండి’ అన్నాడు. ఎందుకంటే ‘వస్తే చెప్తారు’ అన్నాడు. వెళ్లకపోతే అరెస్టు చేస్తారా? వెళ్తే తిరిగి పంపుతారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు ఒక్క మాట తెలుసుకోండి: మీ మీద ఉన్నది కేసా, ఉత్త పిటిషనా (అంటే కేసు నమోదు కాని ఫిర్యాదా)? కేసైతే ‘క్రైమ్ నంబర్’ ఉంటుంది. మర్యాదగానే అడగండి: ‘సార్, క్రైమ్ నంబర్ ఏమైనా ఉందా? మీ పేరు, మీ పీసీ నంబర్ చెప్తారా?’ చెప్పింది రాసి పెట్టుకోండి, ఫోన్ వచ్చిన టైముతో సహా.

కేసు ఉండి, వెంటనే అరెస్టు చేయాల్సిన అవసరం లేకపోతే పోలీసులు బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 35(3) కింద రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో దీన్నే ‘41ఏ నోటీసు’ అనేవారు, స్టేషన్లలో ఇప్పటికీ ఆ పేరే వినిపిస్తుంది. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. నోటీసు చేతికొచ్చాక మాత్రం తప్పించుకోవద్దు. చెప్పిన తేదీకి వెళ్లి విచారణకు సహకరించినంతకాలం, కారణాలు రాసి పెట్టకుండా మిమ్మల్ని అరెస్టు చేయడానికి లేదు. ఎగ్గొడితే ఆ రక్షణ మీరే పోగొట్టుకున్నట్టు.

ఉత్త పిటిషనైతే, గోడ ఎవరిదో తేల్చే అధికారం స్టేషన్‌కు లేదు, అది సివిల్ కోర్టు పని. కొట్టారు, బెదిరించారు అని రాసి ఉంటే మాత్రం అది పోలీసుల పనే. ఏదైనా సరే, ‘నేను రాను, ఏం చేసుకుంటారో చేసుకోండి’ అనే మాట మాత్రం వద్దు. పగటిపూట వెళ్లండి. లాయర్‌నో, ఇంటి పెద్దనో వెంట తీసుకెళ్లండి. దస్తావేజుల జిరాక్సులే ఇవ్వండి. ఒరిజినల్స్ రైటర్ (స్టేషన్‌లో కాగితాలు రాసే పోలీసు) టేబుల్ మీద పెట్టి రసీదు లేకుండా వచ్చేసి, తర్వాత నెలల తరబడి తిరిగేవాళ్లు చాలామంది.

అసలు చిక్కంతా సంతకం దగ్గరే వస్తుంది. తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు. రాజీ పత్రమైతే మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఆఖరి వాక్యం కింద ఖాళీ మిగిలితే అడ్డంగా గీత కొట్టి, సంతకం పక్కన తేదీ, టైము వేయండి. రాసింది మీకు ఒప్పుదల కాకపోతే ‘ఒకసారి మా లాయర్‌కు చూపించి వస్తాను’ అనండి. అలా అనడం నేరం కాదు.

ఇక మీ వైపు నుంచి జాగ్రత్త. గొంతు పెంచడం, కానిస్టేబుల్ చెయ్యి విదిలించడం, చేతిలో కాగితం లాక్కోవడం... వీటితో గోడ గొడవ కాస్తా ప్రభుత్వోద్యోగి మీద దౌర్జన్యం కేసుగా (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్, సెక్షన్ 132) మారుతుంది. అది నాన్‌బెయిలబుల్, రెండేళ్ల దాకా శిక్ష. న్యాయం మీ వైపే ఉన్నా, ఆ రెండు నిమిషాల ఆవేశానికి కోర్టు మెట్లు ఏళ్ల తరబడి ఎక్కాలి.

ఒకవేళ అరెస్టే చేస్తే, కారణం మీకు చెప్పాలి. అరెస్టు మెమో రాయాలి. దాని మీద ఇంటివాళ్లో ఊళ్లో పెద్దమనిషో ఒకరైనా సాక్షి సంతకం చేయాలి, మీ సంతకమూ ఉండాలి. మీరు చెప్పిన మనిషికి కబురు చేయాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. మెమోలో రాసిన టైము, మిమ్మల్ని నిజంగా తీసుకెళ్లిన టైము ఒకటేనా అని ఇంటివాళ్లు చూడాలి. తేడా ఎక్కువగా అక్కడే ఉంటుంది. దెబ్బలు తగిలి ఉంటే మేజిస్ట్రేటుకు, వైద్యపరీక్ష చేసే డాక్టరుకు నోరు విప్పి చెప్పండి.

ప్రశ్న: గుడి నుంచి వస్తుంటే బైకు మీద ఇద్దరు నా గొలుసు లాక్కెళ్లారు. దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్తే ‘ఆ వీధి మా పరిధి కాదు’ అన్నారు. కాగితం తీసుకున్నారు గానీ ఎఫ్ఐఆర్ ఇవ్వలేదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పరిధి కాదన్న మాట ఇప్పుడు చెల్లదమ్మా. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, తర్వాత సంబంధిత స్టేషన్‌కు వాళ్లే పంపుకుంటారు. కాపీ మీకు ఉచితం. అయితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు కొత్త చట్టం ఇచ్చింది. గొలుసు లాక్కెళ్లడం ఆ కోవలోకి వస్తుంది. కాబట్టి ‘విచారిస్తున్నాం’ అంటే అనుమతి తీసుకున్నారా, ఏ తేదీన మొదలైంది అని అడగండి.

అప్పటికీ కదలకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కమిషనరేట్లలో ఉండేవాళ్లు కమిషనర్‌కు పంపాలి. అక్కడా పని కాకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరికి. ఎస్పీకి పంపిన రుజువు లేకుండా నేరుగా కోర్టుకు వెళ్తే వెనక్కి పంపుతారు.

ఫిర్యాదులో టైము, గుడి నుంచి ఎంత దూరం, బైకు ఏ వైపు వెళ్లింది, గొలుసు ఎన్ని గ్రాములు, బిల్లుందా లేదా రాయండి. ముఖం చూడకపోతే చూడలేదనే రాయండి. ఊహించి ఎవరి పేరో చేర్చితే అసలు కేసు కూడా దెబ్బతింటుంది, ఆ మనిషికి మీరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

ప్రశ్న: వాహన తనిఖీలో బండి తాళం లాక్కోవచ్చా? ఫోన్‌లో ఆర్సీ చూపితే ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తాళం లాక్కోవచ్చని మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. అలాగని పెనుగులాడొద్దు. అధికారి ఛాతీ మీది పేరు, చోటు, టైము గుర్తుపెట్టుకుని పై అధికారికి రాయండి. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపడం మీ బాధ్యత, అందులో వాదనకు తావు లేదు. డిజిలాకర్ (పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్)లోని ఆర్సీ చెల్లుతుంది. ఒక్క మెలిక: ‘ఇష్యూడ్’ విభాగంలో ప్రభుత్వం నుంచి వచ్చిన కాపీకే ఆ విలువ. మీరు ఫొటో తీసి అప్‌లోడ్ చేసుకున్నదానికి, గ్యాలరీలో ఉన్నదానికి లేదు. చాలా గొడవలకు మూలం ఇదే. బ్రీత్ టెస్టుకు కొత్త గొట్టం అడగండి, ఇవ్వకపోతే ఆ మాట చెప్పండి. గొట్టం కొత్తదై ఉండీ ఊదనని మొండికేస్తే అదే మీ మీద సాక్ష్యమవుతుంది. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే కేసే.

ప్రశ్న: ఒక కేసులో సాక్షిగా మా అమ్మను (66 ఏళ్లు) స్టేషన్‌కు రమ్మంటున్నారు.

జవాబు: సాక్షులైన మహిళలను ఏ వయసు వారినైనా, 60 దాటిన పురుషులను కూడా, వాళ్లు ఉండే చోటే విచారించాలి (బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 179). తామంతట తాము వెళ్తామంటే వెళ్లొచ్చు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద ఆమె సంతకం అక్కర్లేదు, అడిగినా చేయించొద్దు.

ప్రశ్న: వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్న ఒకతను, మీ ఆధార్‌తో నేరం జరిగింది, ‘డిజిటల్ అరెస్టు’ చేశాం, కాల్ కట్ చేయొద్దన్నాడు. నిజమైన పోలీసేమో అని భయపడి 40 వేలు పంపాను.

జవాబు: డిజిటల్ అరెస్టు అన్నదే చట్టంలో లేదు. ఏ పోలీసూ వీడియోలో అరెస్టు చేయడు, డబ్బు ‘వెరిఫికేషన్‌కు’ వేయమనడు. ఈ పత్రిక పక్కన పెట్టి ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పంపిన టైము, మీ ఖాతా, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. డబ్బు వాళ్ల ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటకముందే ఆపగలిగితేనే తిరిగొచ్చే ఆశ. వాళ్ల మెసేజీలు, కాల్ వివరాలు చెరిపేయకండి.