పూత మాడితే మంచునే తిట్టాలా?

ప్రశ్న: తిత్లీ తుఫానుకి మా రెండెకరాల జీడితోట పడిపోయింది. తర్వాత అంటుమొక్కలు పెట్టుకున్నాం, పిక్కలు కూడా వస్తున్నాయి. ఈసారి పూత విరగబూసింది. సంక్రాంతి వెళ్ళాక వారం తిరక్కుండా నిప్పు పెట్టినట్టు నల్లగా మాడిపోయింది. మంచు కొట్టేసిందని ఊళ్ళో అందరూ అంటున్నారు. నిజమేనా?
- కంచిలి నుంచి ఒక రైతు

జవాబు: ఉద్దానంలో ఈ మాట వినని ఊరు లేదండీ. మంచుకి నోరు లేదు కాబట్టి అన్నీ దాని మీదే పెట్టేస్తాం. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు టీ దోమ మీద అనుమానం. పేరుకి దోమే గానీ అది రసం పీల్చే నల్లి జాతి పురుగు. పొద్దున్నే ఎండెక్కకముందు తోటలోకి వెళ్ళి లేత చిగుళ్ళు, పూకాడలు ఒక్కొక్కటే మెల్లగా తిప్పి చూడండి. ఎర్రటి గోధుమ రంగులో సన్నగా, పొడుగు కాళ్ళతో, వీపు మీద గుండుసూది గుచ్చి వదిలేసినట్టు ఒక పుల్ల నిలబడి ఉంటుంది, ఇక పొరపాటు పడే పని లేదు. అది ముట్టె దించిన చోట నీరు చెమ్మగిల్లినట్టు మచ్చ పడి తర్వాత నల్లబడుతుంది, ఒక్క కాడకి అలాంటివి పదీ పదిహేను పడితే కాడంతా ఎండిపోతుంది. మబ్బు, చెమ్మ ఉంటే దీనికి పండగే. మంచు పడే రోజుల్లోనే ఇదీ రెచ్చిపోతుంది గనక చూసేవాళ్ళకి మంచే మాడ్చినట్టు ఉంటుంది.

మాడిన పూత ఎలాగూ రాదు. జీడి ఒకేసారి పూసేసి ఊరుకోదు కదా, వెనక వచ్చే పూతనైనా కాపాడుకోండి. మామూలుగా చిగురప్పుడు ఒకసారి, పూతకి ఒకసారి, పిందెకి ఒకసారి చూసుకుని, పురుగు కనిపిస్తేనే మందు కొట్టాలి. లాంబ్డా సైహలోత్రిన్ అయితే లీటరు నీటికి 0.6 మిల్లీ, అంతకు మించి వద్దు. మూడుసార్లూ అదే మందు కొట్టకుండా మార్చండి, ఏది మార్చాలో మీ ఉద్యాన శాఖ వాళ్ళని అడగండి. సాయంత్రం పూట కొట్టండి, ఎందుకంటే పిందె కట్టాలంటే ఈగలూ తేనెటీగలూ పూల మీద తిరగాల్సిందే. గట్టు మీద వేప, జామ ఉంటే అవీ చూడండి, ఈ పురుగు వాటి మీదా బతుకుతుంది. పక్క తోట వాళ్ళు ఊరుకుంటే మాత్రం మీ డబ్బులు దండగే, నాలుగు రోజుల్లో అటు నుంచి మళ్ళీ వచ్చేస్తాయి.

ఇంకో మాట, ఆకులు కుట్టుకుని గూళ్ళు కట్టే ఎర్ర చీమలు టీ దోమని పట్టి తినేస్తాయి. పిక్కలు ఏరేటప్పుడు కుడతాయని మనం ముందు వాటికే మంట పెడతాం!

ప్రశ్న: వాక్కాయ, కలివికాయ ఒకటేనా? మా పిల్లలకి చూపిద్దామంటే ఎక్కడా దొరకట్లేదు.
- విజయనగరం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అక్కచెల్లెళ్ళు అనుకోండమ్మా. రెండూ ముళ్ళ పొదలే, రెండూ తుంచితే పాలు కారతాయి. వాక్కాయ పెద్దది, గులాబీ రంగు తిరుగుతుంది, పులుపు పప్పులోకి బాగుంటుంది. కలివి చిన్నది, పండితే నల్లగా తియ్యగా అయిపోతుంది, తిన్నాక పెదాలు కాసేపు జిగురుగా అతుక్కుంటాయి, గుర్తుందా? బజార్లో ఎందుకు లేదంటే, పండు మెత్తన, బుట్టలో సగం దారికే నలిగిపోతుంది. డొంకలు కొట్టేసి ఫెన్సింగ్ వేశాక కంపతో పాటు కలివీ, పరికీ, బలుసూ పోయాయి. ఎక్కడైనా కొండ వార చూడండి, ముళ్ళు జాగ్రత్త. అన్నట్టు, బేకరీ కేకు మీద చెర్రీ అని మీ పిల్లలు ఏరుకు తినేది చాలాసార్లు చక్కెర పాకంలో ఊరేసి రంగేసిన వాక్కాయే.

ప్రశ్న: మనకి గాలివానలు అక్టోబరులోనే ఎందుకు?
- సోంపేట నుంచి ఒక విద్యార్థి

జవాబు: ఇక్కడ మాత్రం నేరం ఆకాశానిదే బాబూ. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. జులై, ఆగస్టుల్లో కింద గాలి ఒక దిక్కుకి, బాగా పైన గాలి ఇంకో దిక్కుకి గట్టిగా వీస్తుంటాయి, వాయుగుండం నిలువుగా ఎదగబోతే ఆ లాగుడుకి చెదిరిపోతుంది. రుతుపవనాలు వెనక్కి మళ్ళే వేళకి ఆ పైగాలి నెమ్మదిస్తుంది, సముద్రం మాత్రం ఇంకా వేడిగానే ఉంటుంది, దాంతో అడ్డు లేకుండా ముదురుతుంది. అన్నీ అక్టోబరులోనే అనుకోకు, నవంబరులోనూ వస్తాయి, వేసవిలోనూ వస్తాయి.

ప్రశ్న: జీడిపండు తింటే గొంతు పట్టేస్తుంది. ఏం చెయ్యాలి?
- పలాస నుంచి

జవాబు: ముక్కలు కోసి ఉప్పునీళ్ళలో కాసేపు వేసి తినండి, వగరు తగ్గుతుంది. సి విటమిన్ నారింజ కంటే ఎక్కువే. చొక్కా మీద పడితే మాత్రం ఆ మరక పోదు.