తొలి ఆల్బమ్ చేస్తున్న బిడ్డకు

బిడ్డా,

నువ్వు పంపిన నాలుగు పాటలూ పెద్ద స్పీకర్లు పెట్టి విన్నాను. గిటారు బాగుంది. కానీ ప్రతి పాట మొదట్లో ఆ చిటపటలు ఎందుకు? రికార్డు మీద దుమ్ము పడితే వచ్చే చప్పుడది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర కాసెట్ల షాపు నడిపినన్నాళ్లూ స్పిరిటూ దూదీ పట్టుకుని టేపును చదివే హెడ్లు తుడిచింది సౌండు శుభ్రంగా రావాలనే. నువ్వేమో పాత సౌండు రావాలని ఆ చిటపటలు కంప్యూటర్‌లో వెతికి మరీ కలిపావు. తీసెయ్.

పాత సౌండు అందులో లేదు. బీటిల్స్ మొదటి ఆల్బమ్‌లో పది పాటలు 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో రికార్డయ్యాయి, అదీ రెండే ట్రాకుల మెషిన్ మీద, అంటే విడివిడిగా రెండు సౌండ్లే పట్టేది. 1970లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండ్ బ్యాండు తొలి ఆల్బమ్ కూడా దాదాపు ఒక రోజు పనే. అంతకుముందు ఎన్నో రాత్రులు క్లబ్బుల్లో జనం ముందు వాయించి ఉన్నారు కాబట్టి కుదిరింది. అందరూ కలిసి వాయిస్తుంటే డ్రమ్ము చప్పుడు కాస్త గిటారు మైకులోకీ పోతుంది. నువ్వు వెతుకుతున్న నిండుతనం చాలావరకు అక్కడిదే. మీ నలుగురేమో ఎవరింట్లో వాళ్లు వాయించి ఫైళ్లు పంపుకుంటున్నారు!

పాలమూరులో మీ రేకుల షెడ్డు చాలు. గోడలకు గొంగళ్లు వేలాడదియ్, మోత తగ్గుతుంది. మధ్యాహ్నం మాత్రం పెట్టుకోకు. రేకు కాలితే తీగలు సాగి శ్రుతి దిగిపోతుంది, ఫ్యాన్ వేస్తే ఆ గాలి మైకులో పడుతుంది. తెల్లారి ఐదింటికి మొదలుపెట్టు. పాట పాటకూ శ్రుతి చూసుకోండి. మా ఆర్కెస్ట్రా కాసెట్‌కు బేస్ గిటారు కొంచెం దిగి ఉందని నేను మొత్తుకుంటే, రికార్డు చేసినాయన ‘తర్వాత చూద్దాంలే’ అన్నాడు. టేపు మీద తర్వాత చూసేదేముంటుంది? ఐదు వందల కాపీలు తీశాం. చాలావరకు మీ పెద్దమ్మ మంచం కిందే ఉండిపోయాయి, ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

పాడేటప్పుడు ఇంగ్లిష్ వాళ్ల నోరు తెచ్చుకోకు. ‘పోదాం’ అన్నది నాకు ‘ఫోదాం’ అని వినబడింది. ఇంట్లో మీ అమ్మతో కొట్లాడేటప్పుడు ఎంత స్పష్టంగా మాట్లాడతావో అట్లా పాడు. మూడో పాటలో కిన్నెర ముక్క ఎక్కడి నుంచో తెచ్చి అతికించావు. కిన్నెర కావాలంటే వాయించేవాళ్లను పిలిచి, డబ్బులిచ్చి, మీ మధ్యలో కూర్చోబెట్టుకో. లేదా వదిలెయ్.

నువ్వు అనుకుంటున్నట్టు పద్నాలుగు పాటలు వద్దు. ఎల్పీ రికార్డుకు ఒక్కో పక్క ఇరవై, ఇరవై రెండు నిమిషాలకు మించి పట్టించాలంటే సౌండు తగ్గించాల్సి వచ్చేది. గాడి లోపలికి పోయేకొద్దీ పైస్వరాలు మొద్దుబారతాయి కాబట్టి గట్టి పాటలు మొదట్లో, నెమ్మది పాటలు పక్క చివర్లో పెట్టేవాళ్లు. నువ్వు రికార్డు వెయ్యకపోయినా ఆ లెక్కలోనే ఎనిమిది పాటలు ఏరుకో. నాలుగో పాట నాకు నచ్చలేదు, మొహమాటం లేకుండా చెప్తున్నా.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తా. నా టేప్ డెక్కు తెస్తున్నాను. ఆల్బమ్ మొత్తం దాని మీద ఒకసారి ఎక్కించి విందాం. స్పిరిట్, దూది నువ్వు కొని పెట్టు.

మీ పెద్దనాన్న