రాయడం తప్ప అన్నీ చేస్తున్నాను!

ప్రశ్న: చాలా ఏళ్లుగా సొంత హోస్టింగ్ తీసుకుని వర్డ్‌ప్రెస్‌లో బ్లాగు నడుపుతున్నాను. రాద్దామని కూర్చునేసరికి ఏదో ప్లగిన్ (అదనపు సౌకర్యాల కోసం తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) అప్‌డేట్ అడుగుతుంది, అది చేస్తే థీమ్ చెదిరిపోతుంది, దాన్ని సరిచేసే లోపు రాయాలన్న ఊపు పోతుంది. తేలికైన చోటికి మారితే మళ్లీ రాయగలనా? పాత టపాలు ఏమైపోతాయోనని టెన్షన్‌గా కూడా ఉంది.

జవాబు: మారవచ్చండీ, కానీ దానికి ముందు ఒక పని చేయండి. వచ్చే రెండు మూడు టపాలు బ్లాగు తెరవకుండా నోట్‌ప్యాడ్‌లాంటి దాంట్లో పూర్తిగా రాసి చూడండి. అక్కడ రాత సాగిందంటే మిమ్మల్ని ఆపుతున్నది వర్డ్‌ప్రెస్ డ్యాష్‌బోర్డే. అక్కడా సాగకపోతే ఎక్కడికి మారినా ఇదే వరస, కాకపోతే కొత్త చోట రంగులూ ఫాంట్లూ సర్దుకుంటూ ఇంకో నెల హాయిగా గడిపేయవచ్చు.

2003లో వర్డ్‌ప్రెస్ మొదలైంది బ్లాగుల కోసమే. తర్వాత కంపెనీల వెబ్‌సైట్లు, ఆన్‌లైన్ దుకాణాలు అన్నీ దాని మీదికే వచ్చాయి, ఆ బరువంతా ఇప్పుడు మీ నెత్తిన పడింది. 2018 డిసెంబర్‌లో 5.0 వెర్షన్‌తో బ్లాక్ ఎడిటర్ అనే కొత్త రాత పేజీ వచ్చాక పేరా పేరాకీ ఒక బ్లాక్ అయింది. పేజీని అందంగా పేర్చుకునేవాళ్లకి అది బాగానే ఉంటుంది, ఏకబిగిన రాసుకుపోయేవాళ్లకే చిరాకు. మీ బాధ అదొక్కటే అయితే పాత రాత పేజీని తిరిగి తెచ్చే క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్ పెట్టుకుని, అక్కర్లేని మిగతా ప్లగిన్లు తీసేస్తే సరిపోతుంది, ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.

అప్‌డేట్లే వద్దనుకుంటే బ్లాగర్ ఉంది, 1999 నాటిది, 2003 నుంచి గూగుల్ చేతిలో ఉంది. పాతబడినట్టు కనిపిస్తుంది గానీ మీరు చూసుకోవాల్సిన సర్వర్ ఉండదు, డబ్బు కట్టక్కర్లేదు. ఇంకా తేలిక కావాలంటే బేర్ బ్లాగ్, రైట్.ఆజ్ లాంటివి ఉన్నాయి, వాటిలో ఖాళీ పేజీ తప్ప పెద్దగా ఏమీ కనపడదు. సొంత డొమైన్ (మీ పేరుతో ఉండే వెబ్ చిరునామా), బొమ్మలు ఉచితంలోనే వస్తాయో లేదో ముందే చూసుకోండి. రాసినదాన్ని ముందే పేజీలుగా తయారుచేసిపెట్టే జెకిల్, హ్యూగో అనే ప్రోగ్రాములు చాలా సింపుల్ అని కంప్యూటర్ తెలిసిన మిత్రులు ఊదరగొడతారు. తయారైన పేజీలు తేలికే, చదివేవాళ్లకి చకచకా తెరుచుకుంటాయి, కానీ వాటిని నడపడమే ఒక వ్యసనమని నా అభిప్రాయం, అచ్చంగా మీరు తప్పించుకోవాలనుకుంటున్న వ్యసనమే!

నన్నడిగితే ఎక్కడ రాయడం సులువు అన్నదానికన్నా ఎక్కడినుంచి బయటపడటం సులువు అన్నది ముందు చూడాలి. పోస్టరస్ అని చాలా తేలికైన బ్లాగు సేవ ఒకటుండేది. 2012లో ట్విట్టర్ కొనుక్కుంది, 2013 ఏప్రిల్ 30న మూసేసింది. అందుకే డొమైన్ మీ పేరు మీదే ఉండాలి, రాసినదంతా ఎప్పుడంటే అప్పుడు దించుకునే వీలుండాలి.

ఇక పాత టపాలు. వర్డ్‌ప్రెస్ టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు వస్తుంది. అందులో టపాలు, వ్యాఖ్యలు ఉంటాయి, బొమ్మలు మాత్రం ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. హోస్టింగ్ ఆపేశాక గానీ చాలామందికి ఈ సంగతి తెలియదు. బొమ్మలుండే అప్‌లోడ్స్ ఫోల్డర్ విడిగా దించుకోండి, కొత్త చోట అంతా సరిగా ఉందని చూసుకున్నాకే పాత హోస్టింగ్ వదిలేయండి.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో తంటా లింకులతో. శీర్షిక తెలుగులో ఉంటే లింకులో ‘క’ అన్న ఒక్క అక్షరమే తొమ్మిది గుర్తులవుతుంది. వర్డ్‌ప్రెస్ లింకులోని శీర్షిక భాగాన్ని 200 గుర్తుల దగ్గర కత్తిరిస్తుంది కాబట్టి పొడుగు శీర్షికలు మధ్యలో తెగిపోయి ఉంటాయి. బ్లాగరైతే తెలుగును వదిలేసి బ్లాగ్-పోస్ట్ అని ఏదో ఒకటి పెట్టేస్తుంది. అంటే మారినప్పుడు పాత లింకులు కలవకపోవచ్చు. అన్నీ సరిచేయాలని కూర్చోకండి, ఇప్పటికీ జనం వచ్చి చదువుతున్న టపాలకి మాత్రం 301 రీడైరెక్ట్ (పాత లింకు నొక్కినవాళ్లని కొత్త లింకుకి పంపే ఏర్పాటు) పెట్టుకోండి. కొత్తవాటికి మీరే ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న లింకు ఇచ్చుకోండి.

ప్రశ్న: ఇంత గొడవెందుకు, ఫేస్‌బుక్‌లోనే రాసుకుంటే పోదా?

జవాబు: చదివేవాళ్లు అక్కడే త్వరగా దొరుకుతారు, కాదనను. కానీ నాలుగేళ్ల కిందట మీరు రాసిన ముక్క ఒకటి వెతికి చూడండి, ఎంతసేపు పడుతుందో. పైగా అక్కడ రాస్తూ రాస్తూ లైకులు వచ్చే పొడవుకి మన పేరాలు వాటంతటవే కుదించుకుపోతాయి. టపా మీ చోట రాయండి, లింకు అక్కడ పెట్టండి.