సాయంత్రం ఆరున్నర కాఫీ, రాత్రి పదకొండింటి ఫోను

"రాత్రి నిద్ర చెడగొట్టే రోజువారీ అలవాట్లు ఏవి? మీరెలా మానుకున్నారు?" అని అడిగారు. అన్నీ మానుకున్నానని చెప్పలేను. రెండేళ్ల కిందటి దాకా ఒంటిగంట వరకు పక్క మీద దొర్లినదాన్ని, ఇప్పుడు పదకొండుకల్లా నిద్రపోతున్నాను. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

మాది విజయవాడ. బ్యాంకు నుంచి ఇంటికొచ్చేసరికి ఆరున్నర. చిక్కటి డికాక్షన్ కాఫీ గొంతులో పడితే తప్ప వంటింట్లోకి అడుగు పడేది కాదు. అప్పుడు తాగింది రాత్రికేం చేస్తుందిలే అనుకునేదాన్ని. కానీ ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు ఐదారు గంటలు పడుతుందట. అంటే పదకొండున్నరకి నేను నడుం వాల్చినప్పుడు ఆ కాఫీలో దాదాపు సగం నాతోపాటే మేలుకుని ఉందన్నమాట. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పెరుగుతుంది, కళ్లు మూతలు పడేది దానివల్లే. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపినట్టు, అడినోసిన్ కూర్చోవాల్సిన చోటును కెఫీన్ ముందే ఆక్రమిస్తుంది. అలసట ఎక్కడికీ పోదు, మనకి తెలియదంతే. ఇప్పుడు కాఫీ మధ్యాహ్నం భోజనం కాగానే తాగేస్తున్నాను, సాయంత్రం పల్చటి మజ్జిగ. మొదటి వారం తలనొప్పి వచ్చింది, ఆ చిరాకు పిల్లల మీద చూపించాను కూడా.

మా ఆయన రాత్రి తొమ్మిదిన్నరకి టీ తాగి, షాపు కట్టేసి వచ్చి, తలగడ మీద తల పెట్టగానే గురక మొదలుపెట్టేవారు. కెఫీన్ కొందరిలో త్వరగా కరిగిపోతుంది, కొందరిలో ఆలస్యమవుతుంది, నిజమే. కానీ ఆ గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడేవారు. పగలు గల్లాపెట్టె దగ్గర కూర్చునే కునికేవారు. బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు అన్నారు. మీ ఇంట్లో అలాంటి గురక ఉంటే నా సోదంతా పక్కన పెట్టి ముందు డాక్టరుని కలవండి.

ఇక ఫోను. స్క్రీన్ వెలుతురు నిద్రవేళని ఒంటికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్‌ని తగ్గిస్తుందని చదివి, తెర పసుపు రంగులోకి మారే సెట్టింగ్ పెట్టాను. ఏం తేడా రాలేదు. గిన్నెలు సర్ది, యూనిఫాంలు ఇస్త్రీ చేసి, అత్తయ్యగారికి మాత్రలిచ్చి, తలుపు గడియ పెట్టేసరికి పదకొండు. పొద్దుట్నుంచీ నన్నెవరూ పిలవని మొదటి నిమిషం అదే. చీరల వీడియోనో, ఎవరో తెలియనివాళ్ల గృహప్రవేశమో చూస్తూ ఒంటిగంట చేసేదాన్ని. నిద్ర రాక కాదు, ఆ రోజుని వదలబుద్ధి కాక. 'ఫోను వేరే గదిలో పెట్టి పడుకోండి' అని తేలిగ్గా చెప్పేవాళ్లకి ఆ గంట విలువ తెలియదని నా అభిప్రాయం.

అందుకే ఆ గంటని తీసేయలేదు, ముందుకి జరిపాను. ఎనిమిదింపావు నుంచి తొమ్మిదింపావు దాకా డాబా మీద ఉంటాను, ఫోను చూసుకుంటానో ఊరికే కూర్చుంటానో నా ఇష్టం. బట్టలు వీధి చివర ఇస్త్రీ బండికి వెళ్తున్నాయి, గిన్నెలు పెద్దాడి వంతు. అత్తయ్యగారు మొదట్లో మూతి ముడుచుకున్నారు. ఇప్పుడు నేను ఆలస్యం చేస్తే "ఇవాళ డాబా ఎక్కలేదేమ్మా?" అని ఆవిడే అడుగుతున్నారు. మా ఆయన కోసం పదింటి దాకా ఆగి తినడం కూడా మానేశాను. ఎనిమిదింటికే పిల్లలతో తినేస్తాను కాబట్టి గుండెల్లో మంట తగ్గింది.

ఆదివారం సంగతి వేరే చెప్పాలి. ఎనిమిదింటికి లేచి, మధ్యాహ్నం మాంసం కూరతో తిని, రెండు గంటలు పడుకుంటే ఆ రాత్రి నాకు శివరాత్రే. సోమవారం కౌంటర్లో ఆవలింతలు. ఇప్పుడు ఆదివారమైనా ఆరింటికే లేస్తాను, పగటి కునుకు అరగంట, అదీ మూడు లోపల.

మెలకువ వచ్చినప్పుడల్లా గడియారం చూసి 'ఇంకా నాలుగు గంటలే, ఇంకా మూడే' అని లెక్కలేసే జబ్బు ఒకటుండేది. బ్యాంకు ఉద్యోగం కదా! గడియారం హాల్లోకి మార్చాను. ఎంతకీ నిద్ర పట్టకపోతే లేచి, చిన్న బల్బు వెలుతుర్లో పాత వారపత్రిక తిరగేసి, కళ్లు బరువెక్కాకే పక్క ఎక్కుతాను.

మే నెలలో మాత్రం ఈ జాగ్రత్తలేవీ పనిచేయవు. నిద్ర పట్టాలంటే ఒంటి వేడి కాస్త దిగాలి, మా శ్లాబు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతుంది. సాయంత్రం డాబా తడుపుతాం, తొమ్మిదిన్నరకి గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేస్తాను. అప్పటికీ కుదరకపోతే దోమతెరలు పట్టుకుని ఇంటిల్లిపాదీ డాబా మీదకే. మా ఆయన పక్క మాత్రం నీళ్ల ట్యాంకుకి అవతల.