మాల తీసిన మర్నాటి నుంచి

ప్రశ్న: నా వయసు 34. మా వారు ట్రాక్టర్ మెకానిక్. పదేళ్లుగా తాగుతున్నారు. ఏటా అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టరు. మాల తీశాక మళ్లీ మామూలే. మూడు నెలల క్రితం డీ-అడిక్షన్ సెంటర్లో చేర్పించాం. ఇంటికొచ్చాక పన్నెండు రోజులు బాగున్నారు, అంతే. ఇప్పుడు రోజూ తాగుతున్నారు. డాక్టరు గారు 'ఏఏ' అనే, తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే మీటింగులకు పంపమన్నారు. అవి ఎక్కడ జరుగుతాయో తెలియదు. ఈయనేమో, 'నలుగురిలో నిలబడి తాగుబోతునని చెప్పుకోమంటావా? పైగా అది చర్చిలో అట' అంటున్నారు. మా అత్తగారు ఎవరో ఇచ్చిన పొడిని అన్నంలో కలిపి పెట్టమంటున్నారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు ఆ పొడి సంగతి. దయచేసి పెట్టకండి. అందులో ఏముందో మీకూ తెలియదు, అత్తగారికీ తెలియదు. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అనే మాత్ర డాక్టర్లు ఇస్తారు, కానీ మనిషికి చెప్పి, ఒప్పించి ఇస్తారు. అది ఒంట్లో ఉన్న సంగతి తెలియక తాగితే వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇంకో మాట. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, చెమటలు, రెండు రోజుల్లోపు ఫిట్స్, ఆ తర్వాత మతి తప్పి మాట్లాడటం కూడా రావచ్చు. కాబట్టి మానే ముందు మీ డాక్టరు గారిని మళ్లీ కలవండి. మీటింగు ఆ వైద్యానికి తోడే తప్ప దానికి బదులు కాదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట, ఆ 41 రోజులు. ఆ రోజుల్లో మీ వారికి ఏం దొరికిందో ఆలోచించండి. భక్తి సరే. దాంతోపాటు, అదే నియమంలో ఉన్న పదిమంది పక్కనున్నారు. తెల్లవారుజామున స్నానానికి లేపేవారు, సాయంత్రం భజనకు పిలిచేవారు, తడబడితే సర్దిచెప్పే గురుస్వామి. వైన్‌షాపు దగ్గర ఆగే వేళకు ఆయన ఇంకోచోట ఉన్నారు. మాల తీసిన మర్నాడు ఆ పదిమందీ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మీ వారి మనసు గట్టిది కాదని అందరూ అనుంటారు. నేను అలా అనుకోవడం లేదు. తోడు తెగిపోయింది.

ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, ఆ తోడును ఏడాది పొడవునా ఇచ్చే చోటు. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో మొదలైంది. తాగుడు మానిన ఓ షేర్ల వ్యాపారి, పని చెడి, హోటల్లో ఒంటరిగా ఉండగా మళ్లీ తాగాలనిపించి, తనలాంటి ఇంకో మనిషి దొరుకుతాడా అని ఫోన్లు చేశాడు. అలా దొరికింది ఒక సర్జన్. ఆయనా తాగుబోతే. ఆ ఇద్దరి మాటల నుంచే ఇదంతా పుట్టింది. రుసుము లేదు. చేరడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత.

మీటింగులో అందరూ కూర్చుంటారు. తమ పేరు మాత్రం చెప్పి, ఒక్కొక్కరు తమ సంగతి మాట్లాడతారు. ఉపన్యాసాలు ఉండవు, తిట్లు అసలే ఉండవు. మొదటిసారి వెళ్లినవారు నోరు విప్పకుండా వినొచ్చు. కన్నెస్వామిని ఎవరూ నిలదీయరు కదా, అలాగే. కొన్నాళ్లకు స్పాన్సర్ అని, ముందే మానిన ఒకాయన తోడు దొరుకుతాడు. రాత్రి పదింటికి మనసు లాగితే ఆయనకు ఫోన్ చేయొచ్చు. 'జన్మలో తాగను' అని ఒట్టు వేయించరు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉందాం అంటారు.

చర్చి మాటకొస్తే, చాలాచోట్ల గది తక్కువ అద్దెకు దొరుకుతుందని చర్చి గదుల్లోనో బడుల్లోనో పెట్టుకుంటారు. మతంతో సంబంధం లేదు. అక్కడ దేవుడి మాట వస్తుంది గానీ, ఎవరు నమ్మిన దేవుడు వారికి. మీ వారికి అయ్యప్పే.

పరువు గురించి కూడా చెప్పాలి. ఆయన తాగి పడిపోయిన రోజు వీధంతా చూసింది. ఆ గదిలో చూసేవాళ్లు మాత్రం అదే దారిన వచ్చినవాళ్లు. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది వాళ్ల నియమం. సొంతూళ్లో మరీ ఇబ్బందైతే పక్క పట్టణంలో వెళ్లొచ్చు. ఫోన్లో చేరే మీటింగులూ ఉన్నాయి.

ఎక్కడని అడిగారు. ఆ డాక్టరు గారినో, సెంటర్లోని కౌన్సెలర్‌నో దగ్గర్లోని గ్రూపు నంబరు అడగండి. ఏఏ ఇండియా వెబ్‌సైటులోనూ చూడొచ్చు. ప్రభుత్వ ఉచిత నంబర్లు 14446, 14416 కూడా ఉన్నాయి. మొదటిది మత్తు అలవాటు మానడానికి సాయం చేసేది. రెండోది టెలీ-మానస్, అంటే మానసిక ఆరోగ్య సాయం, ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. వెళ్లేముందు అది ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అని కనుక్కోండి. ఓపెన్ అయితే మీరూ కూర్చోవచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే.

గ్రూపువాళ్లకు ఫోన్ మాత్రం ఆయనే చేయాలి. పొద్దున్నే, తాగకముందు, నంబరు చేతికిచ్చి మీరు వంటింట్లోకి వెళ్లిపోండి. ఆ రోజు చేయకపోతే గొడవ వద్దు. కాగితం కళ్లముందు ఉండనివ్వండి.

మీకూ ఒక చోటుంది. తాగేవారి ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ అనే గ్రూపులు వేరుగా ఉన్నాయి. ఆయన వెళ్లినా వెళ్లకపోయినా మీరు వెళ్లొచ్చు. దగ్గర్లో లేకపోతే ఓపెన్ మీటింగుకు వచ్చే భార్యలతో మాట్లాడండి. పదేళ్లుగా సీసాలు వెతకడం, అప్పులవాళ్లకు సర్దిచెప్పడం మీ ఒంటి మీదే పడి ఉంటుంది. ఆయన తాగడానికి మీరు కారణం కాదమ్మా, మాన్పించే శక్తీ మీ చేతిలో లేదు.

మొదటి రోజు బస్సు దాకా తోడు వెళ్లండి. తిరిగొచ్చాక ఏం చెప్పారు, ఎవరెవరు వచ్చారు అని అడక్కండి. అన్నం పెట్టి, మళ్లీ మీటింగు ఏ రోజో మాత్రం కనుక్కోండి.